అసమదీయ పింగళివారు

మా ఇంటిపేరు పింగళి. ఎక్కడ చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న, "జెండా వెంకయ్యగారి తాలూకానా?" అని. ఆగస్టు నెలలో మరీను. ఇన్నాళ్లూ నసిగేవాణ్ణి. ఇక ఆ టెన్షన్ లేదు. రిటైరయ్యాక తీరిక చిక్కిన మా పెద్దనాన్న డ్రాయింగు షీటు మీద వంశవృక్షం గీసేశారు.

ఖాయమైన చుట్టరికాలకు నల్ల ఇంకు, అనుమానం ఉన్నవాటికి పెన్సిలు. భట్లపెనుమర్రు వెంకయ్యగారు ఇంకులో ఉన్నారు. పదహారో శతాబ్దంలో కళాపూర్ణోదయం రాసి నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన సూరన కూడా ఇంకులోనే! మధ్యలో మూడు వందల ఏళ్లకు పైగా ఖాళీగా ఉన్నాయేమిటని అడిగితే "విద్య అబ్బింది కదరా, అదే సాక్ష్యం" అన్నారు. అబ్బిన మాట నిజమే. రాఘవపాండవీయంలో సూరన ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ చెప్పాడు. మా రెండెకరాల గురించి పెద్దనాన్న పెళ్లివారికి ఒక కథ, తెల్లకార్డు విచారణకు వచ్చినవారికి ఇంకో కథ చెబుతారు.

పింగళి-కాటూరి జంటకవుల్లో లక్ష్మీకాంతంగారు సరే. కాటూరివారిని ఎక్కడ పెట్టాలో తేలక ప్రస్తుతానికి వియ్యంకుల వరసలో ఉంచారు.

అన్నట్టు, మాయాబజార్‌కు మాటలు రాసిన నాగేంద్రరావుగారి అసమదీయులు, తసమదీయులే ఈ చార్టుకు రాజ్యాంగం. పేరొస్తే చాలు, ఎంత దూరంవాడైనా అసమదీయుడే. చీటీ పాడి డబ్బెత్తుకుపోయిన బాబాయి మాత్రం, మా తాతకు సొంత తమ్ముడి కొడుకై ఉండి కూడా తసమదీయుడు. "వాళ్లు పింగలి, లకారం. మనం ళకారం" అని పెద్దనాన్న తీర్పు.

1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన వెంకయ్యగారు 1963లో పేదరికంలోనే పోయారు. అప్పటికి ఈ చార్టు లేదు కనుక ఆయన మా చుట్టమని మావాళ్లకు తెలిసే వీల్లేకపోయింది. 2009లో తపాలా బిళ్ల వేశాక గానీ రక్తం పలకలేదు.

చార్టులో కింద, కుడి మూలన నా పేరు వెతికాను. పెన్సిల్లో ఉంది.

"నేను మీ తమ్ముడి కొడుకునే కదా పెద్దనాన్నా?"

"తొందరేముందిరా, ముందు ఏదైనా ఉద్యోగం చూసుకో" అంటూ రబ్బరు జేబులో వేసుకున్నారు.