హిప్పీలను పుట్టించింది సీఐఏ కాదు

‘1960ల హిప్పీ ఉద్యమం అమెరికా గూఢచార సంస్థ సీఐఏ సృష్టి. ఎల్‌ఎస్‌డీ అనే భ్రమలు కలిగించే మత్తుమందును కనిపెట్టింది సీఐఏ, దాన్ని యువతకు పంచింది సీఐఏ, వియత్నాం యుద్ధంపై వచ్చిన వ్యతిరేకతను మత్తులో ముంచేసిందీ సీఐఏనే.’ ఈ ప్రచారం వీడియోల్లో, వాట్సాప్ సందేశాల్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. జనం నమ్మడానికి కారణం లేకపోలేదు. మనిషి మనసును మందులతో అదుపు చేయొచ్చేమో పరీక్షించే ఎంకే-అల్ట్రా అనే సీఐఏ రహస్య కార్యక్రమం నిజంగానే నడిచింది. 1953 ఏప్రిల్ 13న సీఐఏ డైరెక్టర్ అలెన్ డలెస్ దానికి ఆమోదం తెలిపారు. రసాయన శాస్త్రవేత్త సిడ్నీ గాట్లీబ్ దాన్ని నడిపించారు. కాబట్టి ఇదంతా కట్టుకథ అని ఒక్క మాటతో కొట్టిపారేయడం సరికాదు. ఏది నిజమో, ఏది అతికించిందో విడదీసి చూడాలి.

ఎల్‌ఎస్‌డీని సీఐఏ కనిపెట్టిందన్నది పచ్చి అబద్ధం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సాండోజ్ మందుల కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో దాన్ని తయారుచేశారు. మనసుపై దాని ప్రభావం 1943లో ఆయనకే అనుభవంలోకి వచ్చింది. అప్పటికి సీఐఏ పుట్టనే లేదు. 1947 నుంచి సాండోజ్ దాన్ని మానసిక వైద్యులకు అందించింది. సీఐఏ చేసింది కొనడం. ప్రపంచంలో ఉన్న సరుకంతా తమ చేతికి రావాలని, 10 కిలోల కోసం 1953లో స్విట్జర్లాండ్‌కు మనుషులను పంపింది. ఒక మోతాదుకు 100 మైక్రోగ్రాములు సరిపోతాయి కనుక, 10 కిలోలంటే 10 కోట్ల మోతాదులు. తీరా అక్కడికి వెళ్లాక, కంపెనీ అప్పటిదాకా తయారుచేసింది మొత్తం కలిపినా 40 గ్రాములకు మించదని తేలింది.

ఇక ‘యువతపై ప్రయోగించారు’ అన్న మాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇది అసలు బాధితులను చరిత్ర నుంచి తుడిచేస్తుంది. ప్రయోగాలు ఎక్కువగా జరిగింది ఎదురుతిరిగే స్థితిలో లేనివారిపై. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో మాదకద్రవ్యాలకు బానిసలైన ఖైదీలను ఉంచే కేంద్రంలో సీఐఏ నిధులతో డాక్టర్ హారిస్ ఇస్బెల్ ఏడుగురికి వరుసగా 77 రోజులు ఎల్‌ఎస్‌డీ ఇచ్చారు. అక్కడ ఆయన ప్రయోగాలకు వాడుకున్నవారిలో ఎక్కువ మంది నల్లజాతీయులు. వారికి ముట్టిన ప్రతిఫలం మార్ఫిన్, హెరాయిన్. ఏ వ్యసనాన్ని మాన్పించాలో దాన్నే కూలిగా ఇచ్చారన్నమాట! శాన్‌ఫ్రాన్సిస్కోలో చెస్ట్‌నట్ వీధిలో సీఐఏ నడిపిన ఒక ఫ్లాటుకు వేశ్యలు మగవాళ్లను తీసుకొచ్చేవారు. ఆ మగవాళ్ల పానీయాల్లో వారికి తెలియకుండా ఎల్‌ఎస్‌డీ కలిపేవారు. మాదకద్రవ్యాల నిరోధక అధికారి జార్జ్ హంటర్ వైట్ లోపలివారికి కనపడకుండా, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక గ్లాసు పట్టుకుని కూర్చుని చూసేవారు. ఇది 1955లో మొదలైంది. హిప్పీ అనే పేరు జనం నోట పడటానికి ఇంకా పదేళ్లు ఉంది.

సందేశాల్లో తప్పకుండా వచ్చే పేర్లు రెండు. అమెరికా నవలా రచయిత కెన్ కీసీ విషయంలో సంబంధం నిజమే. మెన్లోపార్క్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో సీఐఏ నిధులతో సాగిన పరీక్షలకు ఆయన డబ్బు తీసుకుని స్వచ్ఛందంగా వెళ్లారు. అక్కడి అనుభవం నుంచే ఆయన నవల పుట్టింది, ఆ తర్వాత 1965లో ఎల్‌ఎస్‌డీ విందులు మొదలుపెట్టారు. అయితే ఆ విందులు పెట్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. గోడల మధ్య దాచాలనుకున్నది చేయి జారి వీధిలో పడింది, అంతే.

ఎల్‌ఎస్‌డీకి ప్రచారం చేసిన హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త టిమతీ లియరీ సంగతి వేరు. ఆయన 1960లో మెక్సికోలోని కుయెర్నవాకాలో భ్రమలు కలిగించే పుట్టగొడుగులు తిని, హార్వర్డ్‌కు తిరిగొచ్చి, వాటిలోని మత్తు పదార్థమైన సైలోసైబిన్‌ను సాండోజ్ నుంచే తెప్పించుకున్నారు. ‘ఆ పుట్టగొడుగుల వెనకా సీఐఏ ఉంది’ అంటారు. పుట్టగొడుగులపై పరిశోధించిన అమెరికన్ బ్యాంకరు గార్డన్ వాసన్ 1956లో మెక్సికో వెళ్లిన బృందంలో జేమ్స్ మూర్ అనే సీఐఏ రసాయన శాస్త్రవేత్త తన అసలు పని దాచి చేరిన మాట వాస్తవం. కానీ వాసన్ అంతకు ముందటి ఏడాదే మెక్సికో నాటువైద్యురాలు మరియా సబీనా చేతుల మీదుగా ఆ పుట్టగొడుగులు తిన్నారు. వాటిలోని పదార్థాన్ని వేరుచేసింది కూడా మూర్ కాదు, హాఫ్‌మనే. లియరీ 1974లో జైలు నుంచి ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చారు, అదీ నిజమే. ఉద్యమమంతా నడిచిపోయాక, జైల్లో ఉన్న మనిషి చేసిన పనిని 1960కి సాక్ష్యంగా ఎలా చూపిస్తారు?

యుద్ధ వ్యతిరేకతను నీరుగార్చడానికే ఎల్‌ఎస్‌డీ పంచారన్న వాదన తేదీల ముందే నిలవదు. తెలియకుండా మందిచ్చే పరీక్షలపై 1963లో సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే అభ్యంతరం చెప్పారు. అమెరికా మెరీన్ సైనికులు వియత్నాంలోని డనాంగ్‌లో దిగింది 1965 మార్చిలో. ఆ ఏడాది కాలిఫోర్నియాలో వీధికి వచ్చిన సరుకులో చాలా భాగం అవుస్లీ స్టాన్లీ అనే వ్యక్తి సొంతంగా తయారుచేసినదే. మత్తులో మునిగిందంటున్న ఉద్యమం 1969 నవంబర్‌లో వాషింగ్టన్ వీధుల్లోకి లక్షల మందిని తెచ్చింది. ప్రభుత్వం ఉద్యమాన్ని దెబ్బతీయాలని చూసింది, సందేహం లేదు. అందుకు ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్లను చొప్పించింది, 1967లో సీఐఏ ‘ఆపరేషన్ కేయాస్’ పేరుతో నిఘా పెట్టింది. చెప్పుకోవాల్సిన కుట్ర అది.

చివరికి ‘ఫైళ్లు కాల్చేశారుగా, ఇంకేం దాచారో’ అంటారు. 1973లో అప్పటి సీఐఏ డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ ఆదేశంతో చాలా ఎంకే-అల్ట్రా ఫైళ్లు నాశనమైన మాట నిజం. 1977లో లెక్కల కాగితాలు బయటపడ్డాయి. ఎంకే-అల్ట్రాలో పాలుపంచుకున్న 80 సంస్థల జాడ తెలిసింది వాటివల్లే. లేని కాగితంలో ఎవరికి నచ్చింది వారు చదువుకోవడం మానేసి, ఉన్న కాగితాలు చూడండి. సార్జెంట్ జేమ్స్ స్టాన్లీకి 1958లో ఆయనకే తెలియకుండా సైన్యం ఎల్‌ఎస్‌డీ ఇచ్చింది. ఆయన దావా వేస్తే, సైనికుడిగా ఉన్నప్పుడు జరిగిన దానికి పరిహారం కోరే హక్కు లేదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు గురించి ఒక్క సందేశం కూడా నా ఫోనుకు రాలేదు.