కుడికాలి చీలమండకు ఒక మెమో

కుడికాలి చీలమండ గారికి,

విషయం: పోయిన అమావాస్య నాడు చెర్వుగట్టు గుడి మెట్ల మీద విధి నిర్వహణలో నిర్లక్ష్యం – సంజాయిషీ కోరుట.

ముప్పై ఏళ్లు ఆఫీసులో మెమోలు రాసిన చెయ్యి ఇది. తమరికి రాసేది కూడా అలాగే వస్తోంది, ఏమనుకోవద్దు.

జడల రామలింగేశ్వరస్వామి దర్శనం చేసుకుని మూడు గుండ్లూ ఎక్కాను. ఆ రాళ్ల సందుల్లో పొట్ట లోపలికి పీల్చుకుంటూ దూరినంతసేపూ తమరు కిక్కురుమనలేదు. తీరా దిగొచ్చేటప్పుడు, ఇంకో నాలుగు మెట్లు ఉన్నాయనగా, పాదం లోపలికి మడత పడింది. టక్కుమని చప్పుడు నాకే వినిపించింది. ఆటోలో నల్లగొండ చేరేసరికి చీలమండ బయటివైపు పొడుచుకుని ఉండే గిలక మాయమై, అక్కడ మిరపకాయ బజ్జీల బండి మీది బోండా ఒకటి మొలిచింది.

ఇంట్లో వెంటనే విచారణ మొదలైంది. దిష్టి అని అమ్మ ఉప్పు తిప్పింది. పక్కింటి అక్క పసుపు, సున్నం కలిపి పట్టు వేయమంది. బావ మాత్రం బోరు నీళ్లను అనుమానించాడు. ఆయన్ని అనలేం. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకర్లు పోయిన మనుషులను చూసిన జిల్లా మాది, బొక్క నొప్పి అనగానే చూపు నీళ్ల మీదికే పోతుంది. వాళ్ల బాధ ముందు తమరిది బాధే కాదు.

మర్నాడు బొక్కల డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన రెండు గిలకల వెనక అంచుల వెంబడి, కింది నుంచి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కి చూశాడు. "నాలుగు అడుగులు నడువు పెద్దాయనా" అన్నాడు. కుంటుతూ నడిచాను. బొక్క మీద నొప్పి లేదు, నాలుగడుగులు పడుతున్నాయి, ఎక్స్‌రే అక్కర్లేదు అన్నాడు. కెనడాలోని ఒటావా డాక్టర్లు 1992లో పెట్టిన లెక్కట ఇది. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఎక్స్‌రే లేకుండా ఇంటికి పోతే చూడ్డానికి వచ్చినవాళ్లకు ఏం చూపించాలి? తీయించాం. ఏమీ విరగలేదు. ఇప్పుడది టీవీ పక్కన ఉంది.

గోడ మీది బొమ్మ చూపిస్తూ డాక్టర్ చెప్పినదాన్ని బట్టి, పాదంలో 26 బొక్కలు, 33 కీళ్లు. అంత స్టాఫ్ ఉన్నచోట పని ఎందుకు చెడుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందరికంటే పైన టాలస్ అని ఒకాయన. ఒంటి బరువంతా ఆయన మీదుగానే మడమకూ ముందు పాదానికీ పోవాలి, కానీ ఒక్క కండరం కూడా ఆయనకు అతుక్కుని ఉండదు. ఫైళ్లన్నీ తన టేబుల్ మీదుగానే పోతాయి, ఒక్క సంతకమూ తనది ఉండదు. మా సెక్షన్‌లో అలాంటివాళ్లను చూశాను. వాళ్లు ఇంత బరువు మాత్రం మోయలేదు.

ఆయన నెత్తి ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. మెట్లు ఎక్కేటప్పుడు వేళ్లు పైకి లేస్తాయి, వెడల్పు భాగం రెండు గిలకల మధ్య చీల కొట్టినట్టు బిగుసుకుంటుంది. దిగేటప్పుడు వేళ్లు కిందికి వంగుతాయి, సన్నం వైపు వచ్చి జాగా వదులవుతుంది. అంటే దేవుడి దగ్గరికి పోయేదాకా బందోబస్తు, తిరుగు ప్రయాణం ఎవరి పూచీ వాళ్లదే.

బొక్కలను కలిపి పట్టుకునే పట్టీలు (లిగమెంట్లు) ఉంటాయి. లోపలివైపు విసనకర్రలా పరుచుకున్న గట్టి పట్టీ ఉంది. బయటివైపు మూడు సన్న పట్టీలు. వాటిలో ముందున్నదే మొదట సాగుతుందట, ఎక్కువమందికి అదేనట. ఆశ్చర్యపోలేదు. మా దగ్గరా సస్పెండయ్యేది ఎప్పుడూ అటెండరే.

దిగేటప్పుడు నా చేతిలో కొబ్బరిచిప్పతో పాటు ఫోన్ కూడా ఉందని మా ఆవిడ డాక్టర్ ముందు బయటపెట్టింది. ఆ విషయం ఈ ఫైల్లో చేర్చడం లేదు.

పాదం ఎటు వాలుతోందో మెదడుకు కబురు పంపే నరాలు ఆ పట్టీల్లోనూ ఉంటాయట. బెణికాక ఆ కబురు సరిగా అందదు, అందుకే బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. వాపు దిగాక రోజూ ఒంటికాలి మీద నిలబడమన్నాడు. పొద్దున పళ్లు తోముకుంటూ గోడ పట్టుకుని నిలబడుతున్నాను. నిన్న గోడ వదిలి పది లెక్కపెట్టాను. పదకొండుకు మనవడొచ్చి "తాతా, కొంగలా ఉన్నావ్" అన్నాడు. నవ్వొచ్చి పేస్టంతా బనీను మీద పడింది, తమరు మాత్రం కదల్లేదు. ఇది రికార్డులో నమోదు చేశాను.

సంజాయిషీ వచ్చే అమావాస్యలోపు అందాలి.

ఇట్లు,
తమరి మీద నిలబడ్డవాడు

నకలు: ఎడమకాలి చీలమండకు – సమాచార నిమిత్తం. ఈ మూడు వారాల అదనపు డ్యూటీకి ఓటీ అడగరాదు.