ఆరెంజ్ జ్యూస్ ధర్మశాస్త్రం

కెనడా రాజకీయాల్లో నిజాయితీ లేదని గిట్టనివాళ్లు కొందరు అంటుంటారు. ఇది అన్యాయం. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నవాడిగా చెబుతున్నాను, నిజాయితీ పుష్కలంగా ఉంది. కాకపోతే అది ఎప్పుడూ ప్రతిపక్షం బెంచీల మీదే ఉంటుంది. ఎన్నికల్లో గెలిచి అటు నుంచి ఇటు మారేటప్పుడు, సామాన్లు సర్దుకునే హడావిడిలో దాన్ని అక్కడే మర్చిపోయి వస్తారు. కొత్తగా ఓడినవాళ్లు వెళ్లి కూర్చునేసరికి బెంచీ మీద వెచ్చగా దొరుకుతుంది. సభలో అధికార, ప్రతిపక్షాల మధ్య దూరం రెండు కత్తుల పొడవని పాత లెక్క. మీటర్లలో నాలుగుకు కాస్త తక్కువ. ఇన్నేళ్లలో నిజాయితీ ఆ నాలుగు మీటర్లు దాటలేకపోయింది, పాపం.

ఇక ప్రజాధనం సంగతి. దీనికో శాస్త్రం ఉంది. ఆ శాస్త్రానికి మూలసూత్రం 2012 ఏప్రిల్‌లో దొరికింది.

అప్పటి కన్సర్వేటివ్ ప్రభుత్వంలో బెవ్ ఓడా గారని ఒక మంత్రి ఉండేవారు. పేద దేశాలకు సాయం చేసే శాఖ ఆమెది. 2011 జూన్‌లో, పేద పిల్లలకు టీకాలు వేయించడం గురించి మాట్లాడడానికి లండన్ వెళ్లారు. సమావేశం జరిగే హోటల్లోనే గది బుక్ చేసి ఉన్నా, దాన్ని వదిలి సావోయ్ అనే ఖరీదైన హోటల్‌కి మారారు. అక్కడ ఒక గ్లాసు ఆరెంజ్ జ్యూస్ తాగారు. బిల్లు 16 డాలర్లు. పది నెలల తర్వాత ఆ బిల్లు పేపర్లకెక్కింది. దేశం దేశమంతా గ్లాసు వైపు తిరిగింది. ఆమె డబ్బు తిరిగి కట్టారు, సభలో క్షమాపణ చెప్పారు, జులైలో రాజకీయాలకే సెలవు ప్రకటించారు.

ఈ జ్యూస్ బయటికి రావడానికి మూడు వారాల ముందు, మన కాగ్ లాంటి ఆడిటర్ జనరల్ ఒక నివేదిక ఇచ్చారు. 65 ఎఫ్-35 యుద్ధవిమానాలకు ప్రభుత్వం లోపల్లోపల వేసుకున్న లెక్క 25 బిలియన్ డాలర్లట. పార్లమెంటుకు చెప్పింది 15 బిలియన్ల లోపు. తేడా 10 బిలియన్లు, ఇవాళ్టి రేటులో 60 వేల కోట్ల రూపాయల పైమాటే. అది లెక్క కట్టే పద్ధతిలో తేడా అన్నారు రక్షణ మంత్రి. అని, అదే కుర్చీలో ఇంకో ఏడాదికి పైగా కూర్చున్నారు.

సూత్రం అర్థమైంది కదా. మనిషి ఊహకు అందే ఖర్చయితే కుంభకోణం. అందకపోతే విధానం.

దీన్ని నేను మా వంటింట్లో పరీక్షించి చూశాను. మా ఆవిడ ప్రతి వారం షాపుల ఫ్లయర్లు టేబుల్ మీద పరుచుకుని, జ్యూస్ డబ్బా ఎక్కడ యాభై సెంట్లు తక్కువో పెన్నుతో సున్నా చుట్టి పెడుతుంది. "లండన్‌లో గ్లాసు జ్యూస్ పదహారు డాలర్లట" అన్నాను. చేతిలో పెన్ను ఆగిపోయింది. "పదహారా! పళ్లు పిండారా, బంగారం పిండారా?" అంది. ఇదే అదను అని విమానాల సంగతి, పది బిలియన్ల తేడా సంగతి చెప్పాను. "ఆహా" అని లేచి వెళ్లి పప్పులో పోపు వేసింది. తప్పు ఆవిడది కాదు. జ్యూస్ ఆవిడ కొంటుంది, యుద్ధవిమానం కొనదు.

నిజానికి ఆ విమానాల ఖర్చు చెప్పమని అడిగితే చెప్పలేదనే, జైళ్ల చట్టాల ఖర్చు కూడా దాచారనే, ఇదే ప్రభుత్వం పార్లమెంటును ధిక్కరించిందని 2011 మార్చిలో సభ తేల్చింది. 156-145 ఓట్లతో ప్రభుత్వం కూలిపోయింది. తీర్పు జనం దగ్గరికి వెళ్లింది. జనం ఊరుకుంటారా? అప్పటిదాకా మైనారిటీతో నెట్టుకొస్తున్నవాళ్లకు మే 2న పూర్తి మెజారిటీ ఇచ్చి మరీ శిక్షించారు.

ఈ విమానాల మీద అందరికంటే గట్టిగా గొంతు చించుకున్నది లిబరల్ పార్టీ. అధికారంలోకొస్తే ఎఫ్-35 కొనేదే లేదని 2015లో రాసిచ్చారు, గెలిచారు. మాట మీద నిలబడి 65 కొనలేదు. 2023 జనవరిలో 88 కొంటున్నామన్నారు. కొనుగోలుకు 19 బిలియన్లు చాలన్నారు, 2025లో ఆడిటర్ జనరల్ చూసేసరికి అది 27.7 అయి కూర్చుంది. ఈలోగా కన్సర్వేటివ్‌లు ఎదుటి బెంచీలో వెచ్చగా దొరికినదాన్ని అందుకుని, ఇంత ఆలస్యమా, ఇంత ఖర్చా అని నిలదీశారు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మనవాళ్లు ఊరికే అన్నారా? రాజధాని ఒట్టావాలో ఉన్న సౌకర్యం ఏంటంటే, పదేళ్లకోసారి అత్త కోడలవుతుంది, కోడలు అత్తవుతుంది. కుండలు మాత్రం మనింటివి.

సావోయ్ జ్యూస్ మీద పద్యాలు పాడిన లిబరల్స్ 2022 సెప్టెంబర్‌లో రాణి గారి అంత్యక్రియలకు అదే లండన్ వెళ్లారు. థేమ్స్ నది కనిపించే ఒక హోటల్ సూట్‌కి రాత్రికి 6,000 డాలర్లు. బట్లర్ సేవ సహా. ఆ మంచం మీద ఎవరు పడుకున్నారో చెప్పడానికి నెలలు పట్టింది. దేశ భద్రత దృష్ట్యానో, దిండు గోప్యత దృష్ట్యానో మరి. చివరికి అప్పటి ప్రధాని ట్రూడోయేనని తేలింది. ఈసారి ఎవరూ రాజీనామా చేయలేదు. జ్యూస్ ఏమైనా తాగారేమో తెలిసుంటే కథ వేరుగా ఉండేది.

అలాగని జ్యూస్ ఒక పార్టీ సొత్తు కాదు. 2005లో లిబరల్స్ మాజీ మంత్రి డేవిడ్ డింగ్వాల్, అప్పటికి నాణేల ముద్రణ సంస్థ అధిపతి, చూయింగ్ గమ్ దగ్గర దొరికారు. ప్యాకెట్ 1.29 డాలర్లు. ఆ రోజుల్లోనే క్విబెక్‌లో కెనడా మీద ప్రేమ పెంచడానికని పెట్టిన 250 మిలియన్ల స్పాన్సర్‌షిప్ పథకంలో 100 మిలియన్లు యాడ్ ఏజెన్సీల ఫీజులకూ కమీషన్లకూ పోయాయని ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ చెప్పి ఏడాది దాటింది. ఆ పథకం మీద జరిగిన విచారణలో మాజీ ప్రధాని క్రెటియెన్, తన పేరు రాసిన గోల్ఫ్ బంతులను జడ్జి చవకబారు పని అన్నందుకు, అమెరికా అధ్యక్షుల పేర్లున్న బంతులు సంచిలోంచి ఒక్కొక్కటే తీసి చూపించారు. 100 మిలియన్లు ఎటుపోయాయో మర్చిపోయినవాళ్లు కూడా ఆ బంతులను మర్చిపోలేదు.

ఎన్‌డీపీ అనే వామపక్ష పార్టీ ప్రస్తావన రాలేదని వాళ్ల అభిమానులు నొచ్చుకోవద్దు. కేంద్రంలో ఇంతవరకూ అధికారం రాలేదు కాబట్టి వాళ్ల నిజాయితీకి ఇంకా ప్యాకింగ్ కూడా విప్పలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు మనసుకు దగ్గరైన కుండ ఒకటుంది. అరైవ్‌కాన్. కోవిడ్ కాలంలో విమానం దిగేవాళ్లు ఫోన్లో నింపాల్సిన యాప్. మొదటి వెర్షన్‌కి 80 వేల డాలర్లు అయ్యాయి. చివరికి ఎంతయింది? 2024 ఫిబ్రవరిలో ఆడిటర్ జనరల్ కేరెన్ హోగన్, రికార్డులు సరిగ్గా లేవు కాబట్టి కచ్చితంగా చెప్పలేమనీ, అంచనా మాత్రం 59.5 మిలియన్లనీ అన్నారు. మా ఆఫీసులో పదకొండు డాలర్ల పార్కింగ్ రసీదు పోగొట్టుకుంటే నాకు మూడు మెయిళ్లు వచ్చాయి, కాబట్టి ఆ "రికార్డులు సరిగ్గా లేవు" అనే మాట చదివి కాసేపు కళ్లు మూసుకున్నాను.

అందులో 19 మిలియన్లకు పైగా ఇద్దరే మనుషులున్న ఒక కంపెనీకి వెళ్లిందని ఆడిటర్ అంచనా. వాళ్లు కోడ్ రాయరు. రాసేవాళ్లను పట్టుకొచ్చి మధ్యలో తమ వాటా తీసుకుంటారు. ప్రైమ్ వెండర్, సబ్ వెండర్, వాడి కింద ఇంకో వెండర్, అట్టడుగున కీబోర్డు ముందు ఒక్క మనిషి. ఈ విద్య అమీర్‌పేట నుంచి న్యూజెర్సీ దాకా మనవాళ్ల సొంతమని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. కెనడా ప్రభుత్వం నా గర్వాన్ని అణిచేసింది. ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లి, సుమారు పది వేలమందిని అవసరం లేకుండా క్వారంటైన్‌లో ఉండమంది ఆ యాప్. అదే యాప్‌ని కొందరు డెవలపర్లు ఒక సెలవుల వారాంతంలో తిరిగి కట్టి చూపించారు. ఇది చాలా బాధ్యతారహితం. రెండు రోజుల్లో అయిపోతే వెండర్లు ఏం తినాలి?

2024 ఏప్రిల్‌లో ఆ కంపెనీ భాగస్వాముల్లో ఒకాయన్ని సభలో బోను లాంటి కడ్డీ దగ్గర నిలబెట్టి స్పీకర్ చేత మందలింపు చెప్పించారు. ఒక మామూలు పౌరుడికి ఇలా జరిగి వందేళ్లు దాటిందట. ప్రతిపక్షం ఇది లిబరల్స్ పాపం అంది. లిబరల్స్, ఆ మనుషులే నడిపిన పాత కంపెనీకి మీ హయాంలోనూ కాంట్రాక్టులు వెళ్లాయి కదా అన్నారు. అడుగోటి కుండ, కొత్త కుండ. డబ్బు గురించి ఎవరో అడగబోయారు గానీ టైమైపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, కార్బన్ పన్ను ఒక ఎత్తు. భూగోళాన్ని కాపాడే పన్నని లిబరల్స్ ఏళ్ల తరబడి చెప్పారు. 2023 అక్టోబర్‌లో ఇళ్లు వెచ్చబెట్టుకునే ఫర్నేస్ ఆయిల్ మీద మాత్రం దాన్ని మూడేళ్లు ఆపారు. ఆ ఆయిల్ ఎక్కువగా వాడేది అట్లాంటిక్ రాష్ట్రాలు. అక్కడ లిబరల్ ఎంపీలు ఎక్కువ. మరి గ్యాస్‌తో వెచ్చబెట్టుకునే పశ్చిమాన ప్రెయిరీ మైదాన రాష్ట్రాల జనం సంగతేంటని టీవీలో అడిగితే, వాళ్లూ ఇంకొంతమంది లిబరల్స్‌ని గెలిపించుకోవాలేమో అన్నారు మంత్రి గుడీ హచింగ్స్. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నేళ్లయింది ఇంత స్వచ్ఛమైన మాట విని! మా ఊరి రచ్చబండ దగ్గర, మా వాడికి ఓటేస్తేనే మీ వీధికి సిమెంటు రోడ్డు అన్నంత హాయిగా ఉంది. పార్టీ వాళ్లు ఆమెను తప్పుపట్టారు. నా ఉద్దేశంలో ఈ వ్యాసం మొత్తంలో నిజం చెప్పింది ఆమె ఒక్కరే.

తర్వాత కొత్త ప్రధానిగా కార్నీ గారొచ్చి, 2025 మార్చి 14న ప్రమాణం చేసిన రోజే, మామూలు జనం కట్టే ఆ పన్నును సున్నా చేస్తూ సంతకం పెట్టారు. దాన్ని పీకేస్తామని ఊరూరా తిరిగిన కన్సర్వేటివ్‌ల నాయకుడు పొయిలీవ్ గారికి చేతిలో నినాదం మిగిలింది, పన్ను మిగల్లేదు. ఆయన 2021లో ఎన్నికలకు వెళ్లిన పార్టీ మేనిఫెస్టోలోనూ ఒక రకం కార్బన్ పన్ను ఉందన్న సంగతి చాదస్తంగా గుర్తుంచుకున్నవాళ్లలో నేనొకణ్ని.

ఆ నవంబర్ 4న బడ్జెట్ వచ్చింది. లోటు 78.3 బిలియన్లు. నినాదం మాత్రం ఖర్చు తగ్గిస్తాం, పెట్టుబడి పెంచుతాం అని. అదే వారం నేను 65 అంగుళాల టీవీ తెచ్చి, ఇది ఖర్చు కాదు పెట్టుబడి అని ఇంట్లో ప్రకటించాను. ఆ ప్రకటనకు సభ ఆమోదం దొరకలేదు. ఒట్టావాలో దొరికింది, 170-168తో. బడ్జెట్ రోజునే ఒక కన్సర్వేటివ్ ఎంపీ క్రిస్ డాంత్రమాన్ గోడ దూకి లిబరల్స్‌లో చేరడం కూడా కలిసొచ్చింది. ఇక్కడ మన 1985 నాటి ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు. రిసార్టులక్కర్లేదు, బస్సులక్కర్లేదు, కండువా కూడా అక్కర్లేదు, నాలుగు మీటర్లు నడిస్తే చాలు. 2006లో డేవిడ్ ఎమర్సన్ లిబరల్‌గా గెలిచిన రెండు వారాలకే కన్సర్వేటివ్ మంత్రిగా ప్రమాణం చేశారు. జవాబుదారీతనం చట్టం తెస్తామని గెలిచిన ప్రభుత్వం అది. చట్టం తెచ్చారు కూడా. ఆయన దానికంటే ముందొచ్చారు, అంతే.

మొన్న వేసవిలో సూపర్ వీసా మీద వచ్చిన మా అమ్మానాన్నల్ని ఒట్టావా తీసుకెళ్లాను. పార్లమెంటు పాత భవనం చుట్టూ క్రేన్లు. దాని మరమ్మతులకు నాలుగు బిలియన్ల పైమాట, అక్కడ పని జరుగుతూనే ఉంది. అక్కడి నుంచి నది పక్కనే 24 ససెక్స్ డ్రైవ్‌కి వెళ్లాం. ప్రధాని అధికార నివాసం. గేటు మూసుంది.

"ఇక్కడేనా మీ ప్రధాని ఉండేది?" అన్నారు నాన్న.

లేదని చెప్పాను. 2008లోనే పది మిలియన్లు పెట్టి బాగుచేయాలని ఆడిటర్ చెప్పారు. అప్పటి ప్రధాని పెట్టలేదు, పెడితే ప్రతిపక్షం తన ఇంటికి సోకులు చేసుకున్నాడంటుందని. అంతకు ముందాయన చలికాలంలో కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించుకుంటూ టీవీలో కనిపించారు. ట్రూడో చిన్నప్పుడు పెరిగిన ఇల్లే ఇది, ప్రధాని అయ్యాక ఇక్కడ కాపురం పెట్టలేదు. ఇప్పుడాయన తర్వాతాయనా వేరే ఇంట్లోనే ఉంటున్నారు. మరమ్మతు అంచనా 36 మిలియన్లు దాటింది. యాప్‌కి అంతకంటే ఎక్కువే పెట్టారు గానీ, ఈ పైకప్పు మీద సంతకం పెట్టే ధైర్యం రెండు పార్టీల్లో ఒక్కరికీ రాలేదు.

"మరి ఎవరున్నారు లోపల?"

"ఎలుకలు. గోడల్లో చచ్చి పడున్నాయని 2022లో మూసేశారు."

నాన్న గేటు ఊచల్లోంచి కాసేపు తొంగి చూశారు.

"ఏ పార్టీవిరా?" అన్నారు.