వంతెన హెచ్చరిస్తే రాకపోకలు ఆపేదెవరు?

2022 డిసెంబరు చివర్లో రామేశ్వరం వెళ్లే రైళ్లన్నీ సముద్రానికి ఇవతలి ఒడ్డునే ఆగిపోయాయి. 1914లో తెరిచిన పాత పాంబన్ వంతెనలో, పడవలకు దారి ఇవ్వడానికి పైకి లేచే భాగం దగ్గర ఐఐటీ మద్రాసు నిపుణులు అమర్చిన సెన్సర్లు ప్రమాద సూచనలు ఇవ్వడంతో రైల్వే అధికారులు రాకపోకలను నిలిపివేశారు. పక్కనే కడుతున్న కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యేవరకు, అంటే రెండేళ్లకు పైగా, యాత్రికులు మిగిలిన దూరం రోడ్డు మీదే ప్రయాణించారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఈ సంఘటన పెద్ద వార్త కాలేదు. కానీ మన దేశంలో నిర్మాణాల భద్రత గురించి మాట్లాడేటప్పుడు ముందుగా చెప్పుకోవలసిన ఉదాహరణ ఇదేనని నా అభిప్రాయం. యంత్రం చెప్పింది, మనిషి విన్నాడు, రైలు ఆగింది. ఈ మూడూ ఒకేచోట జరగడం ఎంత అరుదో తెలియాలంటే ఇటలీలోని జెనోవా నగరం వైపు చూడాలి.

అక్కడ 1967లో తెరిచిన పోల్చెవెరా వంతెనను మొరాండి వంతెన అని కూడా పిలిచేవారు. దాని భారాన్ని మోసే ఉక్కు తీగలను కాంక్రీటులో కప్పేయడం వల్ల లోపల తుప్పు ఎంతవరకు పాకిందో బయటి నుంచి చూసి చెప్పడం సాధ్యమయ్యేది కాదు. 1990ల ఆరంభంలోనే ఒక స్తంభం దగ్గరి తీగలు బాగా దెబ్బతిన్నట్లు గుర్తించి, వాటికి బయటి నుంచి కొత్త కేబుళ్లు జోడించారు. తొమ్మిదో స్తంభాన్ని మాత్రం అలాగే వదిలేశారు. 2017లో మిలాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు వంతెన కంపనాలను కొలిచి, తొమ్మిదో స్తంభం తీరులో తేడా కనిపిస్తోందని, అక్కడ శాశ్వత పర్యవేక్షణ అవసరమని నివేదించారు. సెన్సర్లు రాలేదు. బలపరిచే పనులకు టెండర్లు పిలిచారు గానీ ఈలోగా వాహనాల రద్దీని తగ్గించాలని ఎవరూ అనుకోలేదు. 2018 ఆగస్టు 14న కూలింది ఆ తొమ్మిదో స్తంభమే. 43 మంది చనిపోయారు. జెనోవాలో సమాచారం లేకపోలేదు. ఆ సమాచారం చేతికి వచ్చిననాడు ఏం చేయాలి, ఎవరు చేయాలి అన్నది ముందుగా నిర్ణయించి ఉంచలేదు.

ఇక్కడ కొలతల గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ప్రతి వంతెనకూ, ప్రతి భవనానికీ తనదైన సహజ కంపనం ఉంటుంది. బిగువు తగ్గిన వీణ తీగ శ్రుతి తప్పినట్లే, వంతెన భారాన్ని మోసే దూలంలో (గడ్డర్‌లో) పగులు వచ్చినా, ఆ దూలానికీ స్తంభానికీ మధ్యనుండే బేరింగ్ బిగుసుకుపోయినా, పునాది కదిలినా ఆ కంపనం మారుతుంది. యాక్సెలరోమీటర్లు ఈ కంపనాన్ని, స్ట్రెయిన్ గేజులు లోహంలో, కాంక్రీటులో వచ్చే సాగుదలను కొలుస్తాయి. స్తంభం ఒక పక్కకు ఒరిగితే టిల్ట్ మీటరు చెబుతుంది. కేబుల్ లోపల ఒక తీగ తెగినప్పుడు వెలువడే శబ్దాన్ని పట్టుకునే పరికరాలు కూడా ఉన్నాయి. 1997లో తెరిచిన హాంకాంగ్ త్సింగ్ మా వంతెనపై ఇలాంటి వ్యవస్థ మొదటి నుంచీ పనిచేస్తోంది. అయితే ఈ విద్య పైకి కనిపించినంత సులభమైనది కాదు. స్విట్జర్లాండ్‌లో కూల్చివేయబోతున్న జెడ్24 అనే వంతెనను 1997-98లో దాదాపు ఏడాదిపాటు పరిశీలించి, ఆ తర్వాత దాన్ని కావాలనే కొద్దికొద్దిగా దెబ్బతీస్తూ కొలతలు తీసుకున్నారు. చలికాలంలో పైనున్న తారు గడ్డకట్టినప్పుడు వచ్చిన మార్పు, కొన్ని నిజమైన దెబ్బల వల్ల వచ్చిన మార్పు కంటే ఎక్కువగా ఉందని తేలింది. అంటే ఒక్కరోజు కొలతతో ఏమీ తేలదు. ఎండ, వాన, చలి, వరద అన్నీ చూసిన ఏడాది కొలత చేతిలో ఉంటేనే రేపటి తేడాకు అర్థం ఉంటుంది.

కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరానికి 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీదుగా వెళ్లినవారికి, కింద రైలు పరుగెత్తుతుంటే పైన రోడ్డు వణకడం అనుభవమే. అది భయపడవలసిన వణుకు కాదు. అంత పొడవైన ఉక్కు నిర్మాణం బరువుకు స్పందించే తీరు అంతే. కానీ యాభై ఏళ్లు దాటిన ఈ వంతెన నిరుడు ఎలా వణికింది, ఈ ఏడాది ఎలా వణుకుతోంది అన్నది నిత్యం నమోదవుతూ, ప్రజలకు అందుబాటులో ఉండాలి. దాని రోడ్డు భాగాన్ని మరమ్మతుల కోసం 2023లో మూసినప్పుడు రెండు ఒడ్ల ప్రజలూ ఇబ్బంది పడ్డారు. ముందుచూపుతో చేసే చిన్న మరమ్మతుకు కొద్ది రోజులు చాలు. ఆలస్యమైనకొద్దీ మూసే రోజులు పెరుగుతాయి.

మన నదుల విషయంలో కంపనం కంటే ముందు ఆలోచించవలసింది స్తంభాల కింద జరిగే కోత గురించి. వరదలో స్తంభం చుట్టూ నీరు సుడి తిరిగి ఇసుకను తవ్వుకుపోతుంది. వరద తగ్గగానే ఆ గుంతలోకి కొత్త ఇసుక చేరి పైకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. తనిఖీకి వచ్చిన ఇంజినీరుకు తెలిసేది చదునైన ఇసుకే, దాని కింద పట్టు కోల్పోయిన పునాది తెలియదు. వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం నిబంధనలు చెబుతున్నా, నదిలోకి దిగే యంత్రాలను చూసినవారెవరికీ ఆ నిబంధన ఎంతవరకు అమలవుతోందో వేరే చెప్పనక్కర్లేదు. వరద సమయంలోనే స్తంభం దగ్గర నదీగర్భం లోతును శబ్ద తరంగాలతో కొలిచే సోనార్ పరికరాలు అందుబాటులో ఉన్నాయి. ముఖ్యమైన స్తంభాలకు వాటిని అమర్చడం, కూలిన వంతెనను తిరిగి కట్టడం ముందు చాలా చిన్న ఖర్చు.

వరద, వంతెన, రైలు కలిసి తెచ్చిన విషాదం తెలుగు నేలకు కొత్త కాదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా రైలు ప్రయాణికులు చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు; నవంబరులో తమిళనాడులోని అరియలూరు రైలు దుర్ఘటన తర్వాత శాస్త్రి పదవి వదులుకున్నారు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర తెగిన చెరువు నీళ్లు రైలు మార్గాన్ని కోసేసి మళ్లీ వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. చెరువు తెగిన సంగతి ఊళ్లవాళ్లకు తెలిసి, రైలు నడిపేవారికి తెలియకపోవడమే అక్కడి విషాదం. నీటిమట్టాన్ని బట్టి దానంతటదే సిగ్నలును ఎరుపుకు మార్చే ఏర్పాటు గొప్ప సాంకేతికతేమీ కాదు.

దేశంలో ఈ పర్యవేక్షణ ఎవరికి అందుతోందన్నది నన్ను ఎక్కువగా బాధించే ప్రశ్న. జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ నది మీద 2025లో ప్రారంభమైన రైలు వంతెనకు సెన్సర్లు ఉన్నాయి, ఉండాలి కూడా. 2016లో మహారాష్ట్రలో సావిత్రి నది పాత వంతెన కొట్టుకుపోయాక, కేంద్రం జాతీయ రహదారులపై ఉన్న లక్షా 72 వేలకు పైగా వంతెనలు, కల్వర్టుల వివరాలను ఒకచోట చేర్చింది. మంచి పనే. కానీ 2022 అక్టోబరులో 135 మంది ప్రాణాలు తీసిన గుజరాత్‌లోని మోర్బీ తీగల వంతెన పురపాలక సంఘానిది. ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తర్వాత తేల్చింది. దాన్ని మరమ్మతు చేశామని చెప్పి తెరిచి అప్పటికి వారం కూడా కాలేదు. 2025 జులై 9న కనీసం ఇరవై మంది ప్రాణాలు తీసిన గంభీరా వంతెన గుజరాత్ రాష్ట్ర ప్రభుత్వానిది, 1985 నాటిది. రెండు గడ్డర్లు ఒకదానిపై ఒకటి ఆనుకునే ఆర్టిక్యులేషన్ భాగం నలిగిపోవడం వల్ల అది కూలిందని ప్రాథమికంగా చెప్పారు. కంటికి అందని అలాంటి కీళ్లతో 1960ల నుంచి 80ల దాకా మన దేశంలో ఎన్నో వంతెనలు కట్టారు. సెన్సర్లు ముందుగా వెళ్లవలసిన చోటు అదే.

ఆనకట్టల విషయంలో మనకు చట్టం ఉంది. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి, కొలత పరికరాలు తప్పనిసరి, బాధ్యుడైన యజమాని ఎవరో స్పష్టం. వంతెనలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఉన్నాయి గానీ ఇలాంటి చట్టం లేదు. చట్టం ఉంటే చాలనీ అనలేం. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగిన తర్వాత, ప్రారంభించిన నాటి నుంచి కాంక్రీటు దిమ్మెలను, నదీగర్భం కోసుకుపోకుండా పరిచే ఏప్రాన్లను సరిగా తనిఖీ చేయలేదని, నిర్వహించలేదని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నివేదిక పేర్కొంది. అయినా ఆ మాట అధికారికంగా బయటికి రావడానికి, దానిపై ప్రభుత్వం జవాబు చెప్పవలసి రావడానికి దారి చూపింది ఆ చట్టమే.

ఎత్తైన భవనాల సంగతీ దీనికి దూరం కాదు. లాస్ ఏంజెలెస్ నగరం 1965లోనే పది అంతస్తులు దాటిన భవనాల్లో భూకంప కంపనాలను నమోదు చేసే పరికరాలను తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌లో కోకాపేట, నానక్‌రాంగూడ వైపు యాభై అంతస్తులు దాటి ఇళ్లు లేస్తున్న ఈ రోజుల్లో మన నగరాలూ ఆ పని చేయాలి. అయితే యంత్రం కంటే కఠినమైన చిక్కు మనుషుల దగ్గర ఉంది. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ భవనంలో ఈతకొలను ఆవరణ కింద శ్లాబు బాగా దెబ్బతిన్నదని 2018లోనే ఇంజినీరు రాసి ఇచ్చాడు. ఖర్చు ఎవరు ఎంత భరించాలన్న తర్జనభర్జనల మధ్య 2021 జూన్ 24న అది కూలి 98 మంది చనిపోయారు. అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో కూర్చున్నవారికి ఆ తర్జనభర్జనలు ఎలా ఉంటాయో తెలుసు.

అందుకే సెన్సర్ల కొనుగోలుకు టెండరు పిలిచేముందు ప్రభుత్వాలు ఒక కాగితం రాయాలి. ఏ వంతెనకు ఏ కొలత ఏ స్థాయి దాటితే భారీ వాహనాలను ఆపాలి, ఏ స్థాయి దాటితే పూర్తిగా మూయాలి అన్నది అంకెల్లో ఉండాలి. మూసే అధికారం ఆ వంతెనను చూసే ఇంజినీరుకే ఉండాలి. సచివాలయం నుంచి జవాబు వచ్చేదాకా అతను ఎదురుచూడకూడదు, మూసినందుకు అతన్ని ఎవరూ వేధించకూడదు. కొలతలు, తనిఖీ నివేదికలు ప్రజలకు కనిపించాలి.

2027లో గోదావరి పుష్కరాలు. లక్షలాది మంది ఆ నది వంతెనలను దాటుతారు. ఎండాకాలం, వరదకాలం కలిపి ఒక పూర్తి ఏడాది కొలతలు ఉండాలంటే పరికరాలు అమర్చే పని పుష్కరాలకు ఏడాది ముందే పూర్తికావాలి. ఘాట్ల నిర్మాణానికి అంచనాలు వేసే అధికారులు అదే బల్ల మీద, ఏ వంతెనను ఏ కొలత దగ్గర ఎవరు మూస్తారో తెలిపే ఆ కాగితాన్ని కూడా పెట్టుకోవాలి.