ఆరు వందల ఏళ్ల సంచులు

భూమాతను కాపాడే పని నేను మొన్న శ్రావణమాసంలో మొదలుపెట్టాను. అంతకుముందు ఎవరూ పెట్టలేదా అంటే, పెట్టే ఉంటారు. మా నిజాంపేట అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మాత్రం నేనే మొదటివాణ్ణి.

కారణం ఒక అంకె. ఒక్క కాటన్ టీషర్టు తయారవడానికి దాదాపు 2,700 లీటర్ల నీళ్లు పడతాయట. హైదరాబాద్ వాడికి నీళ్ల లెక్క లీటర్లలో చెబితే ఎక్కదు, ట్యాంకర్లలో చెప్పాలి. 5,000 లీటర్ల ట్యాంకరుకు రెండు టీషర్టులు కూడా రావు. జలమండలి నెలకు ఉచితంగా ఇచ్చే 20,000 లీటర్లు ఏడు టీషర్టులతో సరి. బీరువా తెరిచి లెక్కపెట్టాను. ముప్పై ఆరు. అందులో తొమ్మిది ఆఫీసు వాళ్లు ఊరికే ఇచ్చినవి, వీపు మీద ‘మనమంతా ఒకే కుటుంబం’ అని రాసి ఉంటుంది. ఆ కుటుంబంలో సగం మందిని మార్చిలో ఇంటికి పంపారు, అది వేరే సంగతి. మొత్తానికి నా బీరువాలో పంతొమ్మిది ట్యాంకర్ల నీళ్లు ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉన్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి నిర్ణయానికొచ్చాను. ఈ పాపపు బట్టలన్నీ వదిలించుకుని పుణ్యపు బట్టలు కొనాలి.

“ఉన్నవి చినిగేదాకా తొడుక్కుంటే అయిపోదా బిడ్డా?” అంది అమ్మ. ఆవిడ పాత చీరలు నాలుగు కలిపి బొంత కుట్టే కాలం మనిషి. అంతర్జాతీయ పరిణామాలు పట్టించుకోదు.

ముందు వెదురు బనియన్లు తెప్పించాను. వెదురు గడ్డిజాతి, తెగ పెరుగుతుంది, అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కర్ర మెత్తటి బనియన్ కావాలంటే సాధారణంగా దాన్ని రసాయనాల్లో గుజ్జు చేసి, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి, విస్కోస్ దారంగా లాగుతారు. ఈ జ్ఞానం నాకు వాపసు గడువు దాటిన మర్నాడు కలిగింది.

కొన్న ప్రతిదానితో పాటు ఒక సేంద్రియ కాటన్ సంచి ఉచితంగా వచ్చింది. అలా పదకొండు పోగయ్యాయి. సంచుల మీద డెన్మార్క్ ప్రభుత్వం 2018లో ఒక అధ్యయనం ప్రచురించింది. అన్ని రకాల పర్యావరణ నష్టాలూ కలిపి చూస్తే, సేంద్రియ కాటన్ సంచి మామూలు ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే దాన్ని 20,000 సార్లు వాడాలని తేలింది. రోజుకోసారి కూరగాయలకు వెళ్లినా ఒక్క సంచికి యాభై నాలుగేళ్లు దాటుతుంది. పదకొండింటికి ఆరు వందల ఏళ్లు. తాతలు ఏడు తరాలు కూర్చుని తిన్నా తరగని ఆస్తి ఇచ్చేవాళ్లట. నేను ఇరవై నాలుగు తరాలు తిరిగి మోసినా తీరని సంచులు ఇచ్చిపోతున్నాను.

బట్ట ఒక్కటే కాదు, కుట్టిన చెయ్యి గురించి కూడా ఆలోచించాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మనలాంటి వాళ్ల బట్టలు కుట్టేవాళ్లే. అది చదివి కళ్లు తుడుచుకుని, ఇక రెడీమేడ్ ముట్టనని ఒట్టేసుకుని, మా సందు చివర టైలర్ దగ్గరికి వెళ్లాను. చొక్కాకు కుట్టుకూలి నాలుగొందల యాభై అన్నాడు. అరగంట నిలబడి మూడొందల ఎనభైకి దించాను. శ్రామికుడితో నేరుగా మాట్లాడితే ఉండే తృప్తే వేరు.

పట్టు దగ్గర పెద్ద ధర్మసంకటం వచ్చిపడింది. మామూలు పట్టుకు గూళ్లను పురుగుతో సహా వేడినీళ్లలో వేస్తారు. పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుని బయటికొచ్చాక దారం వడికే పద్ధతికి మన హైదరాబాద్‌లోనే కుసుమ రాజయ్య గారు అహింసా పట్టు అని పేరు పెట్టి పేటెంట్ కూడా తీసుకున్నారు. తెగిన గూడు కాబట్టి పోగు కాస్త గరుకు, మెరుపు తక్కువ, ధర ఎక్కువ. ఆ పట్టుతో లాల్చీ కుట్టించుకుని మా బావమరిది పెళ్లికి వెళ్లాను. పురుగుల ప్రాణం గురించి చుట్టాలందరికీ వివరిస్తూ మూడుసార్లు మటన్ బిర్యానీ వడ్డించుకున్నాను.

చేనేతను మాత్రం ఎలా వదులుతాను? కొండాపూర్ వైపు ఒక షాపింగ్ మాల్‌లో ‘పోచంపల్లి కుర్తా’ అంటే కొనేశాను. అమ్మ దాన్ని తిరగేసింది, అంతే. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటారు. అందులో నెయ్యకముందే నూలుకు ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త అలికినట్టుంటాయి. నా కుర్తా లోపలివైపు తెల్లగా పాలిపోయి ఉంది. మీద అచ్చు, కింద పాలిస్టర్. అంటే పెట్రోలు బంకుకు దూరపు చుట్టం. అసలు పోచంపల్లి ఇంటినుంచి రెండు గంటల దారి. కానీ ఆదివారం ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఎవడు పడతాడు?

చివరికి పాపపు బట్టల విసర్జన రోజు వచ్చింది. బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమెను అమ్మ కిందనుంచి పిలుచుకొచ్చింది. ఆమె చాప మీద కూర్చుని, నెత్తి మీద గంప దించి, ఒక్కో బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. లేబుల్ చూడలేదు, ధర అడగలేదు. పాపపు కుప్పలో జీన్సు ప్యాంట్లు పక్కకు తీసి, “ఇవి నడుస్తయి” అంది. ఉత్సాహం ఆగక పుణ్యపు కుప్ప కూడా ముందు పెట్టాను. కుర్తా నలిపి నా ఒళ్లోకి విసిరింది.

“పాలిస్టర్ సారూ. దీనికి చెంచ గూడ రాదు.”

వెదురు బనియన్‌ను వెలుతురుకు పట్టి చూసింది. “రెండు ఉతుకులకు జాలైతది.” ఆఫీసు టీషర్టులు చూసి మాత్రం కాసేపు జాలిపడింది. “జరీ చీరలేమన్న ఉన్నయా పెద్దమ్మా?” అని అమ్మనడిగింది.

గంటసేపు బేరం. ఏడు జీన్సులకు, నాలుగు చొక్కాలకు ఒక టీ వడగట్టే జల్లెడ, మూత సరిగ్గా పట్టని ఒక గిన్నె. కుర్తా మసిగుడ్డకైనా పనికొస్తుందేమోనని అమ్మ పొయ్యి గట్టు తుడిచి చూసింది. నీళ్లు పీల్చలేదు, అటునుంచి ఇటు జరిపిందంతే.

ఆమె లేస్తూ, తీసుకున్నవి పెట్టుకోవడానికి ఏదైనా ఉంటే ఇమ్మంది. పరుగున లోపలికి వెళ్లి పదకొండు సంచులూ తెచ్చాను. మూడు చాలంది. ఎంత బతిమాలినా నాలుగోది ముట్టుకోలేదు.

ఇంకా ఎనిమిది ఉన్నాయి. అంటే 438 ఏళ్లు.