బడ్డీ హాలీ ఎక్కిన విమానానికి పేరే లేదు

ఏటా ఫిబ్రవరి మొదటి వారం రాగానే ఒక పోస్టు నిద్ర లేస్తుంది. పాత ఇంగ్లిష్ పాటలు వినేవాళ్లు ఒకరికొకరు పంపుకుంటారు. ఈసారి తెలుగులో కూడా వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"రాక్ అండ్ రోల్ తొలితరం స్టార్ బడ్డీ హాలీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, అందరితో పాటు బస్సులో తిరగడం నామోషీ అనుకుని 'అమెరికన్ పై' అనే విమానం మాట్లాడుకున్నాడు. నాణెం ఎగరేసి సీటు గెలిచాడు. మంచు తుఫానులో ఉండగా లోపల తుపాకీ పేలి విమానం కూలింది. ఆ విమానం పేరు మీదే తర్వాత పాట వచ్చింది. రాక్ అండ్ రోల్ ఆ రోజే చచ్చిపోయింది."

విమానం కూలిన మాట నిజం. 1959 ఫిబ్రవరి 3న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక మొక్కజొన్న చేలో పడింది. హాలీకి 22 ఏళ్లు. ఆయనతో ఉన్న గాయకుడు రిచీ వాలెన్స్‌కి 17. 'బిగ్ బాపర్' అనే పేరుతో పాడే జె.పి. రిచర్డ్‌సన్‌కి 28. పైలట్ రోజర్ పీటర్సన్‌కి 21. నలుగురూ పోయారు. ఇక్కడి వరకు నిజం, మిగతావి చాలావరకు చిలవలు పలవలు.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. అది 1947లో తయారైన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా. ఒక ఇంజను, నాలుగు సీట్లు. అయోవాలోని మేసన్ సిటీలో ఉన్న డ్వయర్ ఫ్లయింగ్ సర్వీస్ వాళ్లది. దానికున్నదల్లా ఎన్3794ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు. మన లారీల మీద రాసుకున్నట్టు దాని మీద ఎవరూ ఏ పేరూ రాయలేదు. 'అమెరికన్ పై' అన్నది ఈ ప్రమాదాన్ని తలుచుకుంటూ డాన్ మెక్లీన్ కట్టిన పాట, వచ్చింది 1971లో. ప్రమాదం జరిగినప్పుడు మెక్లీన్ ఇళ్లకు పేపర్లు వేసే 13 ఏళ్ల కుర్రాడు. ఆ పేరు తన సొంత కల్పనేనని, విమానం నుంచి తీసుకున్నది కాదని ఆయనే చెప్పాడు. పన్నెండేళ్ల తర్వాత పుట్టిన పాట పేరును వెనక్కి తీసుకెళ్లి విమానానికి తగిలించడమంటే, మనవడి పేరు తాతకు పెట్టినట్టే.

నామోషీ అన్న మాట దగ్గర మాత్రం నాకు నిజంగానే ఒళ్లు మండింది. ఆ బస్సు సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాట రాయరు.

'వింటర్ డాన్స్ పార్టీ' అని ఆ టూర్ పేరు. జనవరి 23న మిల్వాకీలో మొదలైంది. 24 రోజుల్లో 24 ఊళ్లు. ఊళ్లను ఏ వరసలో వేశారో మ్యాప్ మీద గీసి చూడండి, చిన్నపిల్లాడి పిచ్చిగీతల్లా ఉంటుంది. ఈ రాత్రి వెళ్లిన దారిలోనే రెండ్రోజులకు మళ్లీ వెనక్కి రావాలి. చలి సున్నాకు చాలా కింద. బస్సులో హీటర్ పనిచెయ్యదు, అసలు బస్సే ఆగిపోయేది. ఒకటి పాడైతే ఇంకొకటి, అది పాడైతే మరొకటి. ఫిబ్రవరి 1 తెల్లవారేలోపు అడవి దారిలో బస్సు ఆగిపోతే, లోపల నడవాలో న్యూస్‌పేపర్లు కాల్చుకుని చలి కాగారు. డ్రమ్మర్ కార్ల్ బంచ్ కాళ్లు మంచుకు దెబ్బతిని ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. మర్నాడు రాత్రి మేసన్ సిటీ పక్కనే ఉన్న క్లియర్ లేక్‌లోని సర్ఫ్ బాల్‌రూమ్‌లో షో. అసలు ఆ రోజు ఖాళీ, తర్వాత ఇరికించారు. ఆ మర్నాటి షో మిన్నెసోటాలోని మూర్‌హెడ్‌లో, 365 మైళ్ల అవతల. ముందే వెళ్లి ఒక రాత్రి పడుకుందామని, మాసిన బట్టలు ఉతికించుకుందామని విమానం మాట్లాడాడు హాలీ. మనిషికి 36 డాలర్లు. దీనికి నామోషీ అని పేరు పెడతారా?

పైగా ఊపు మీదున్న రోజులట! 1957 సెప్టెంబర్‌లో 'దట్ విల్ బి ద డే' అమెరికాలో నంబర్ వన్ అయిన మాట నిజమే. ఆ ఏడాది చివర్లో 'పెగ్గీ స్యూ' మూడో స్థానం దాకా వెళ్లింది. కానీ 1958 ఆఖరుకి కథ మారింది. 'హార్ట్‌బీట్' 82 దాటి పైకి రాలేదు. మేనేజర్ నార్మన్ పెటీతో తెగిపోయింది, డబ్బు ఆయన దగ్గరే ఇరుక్కుపోయింది. హాలీ బృందం క్రికెట్స్‌లోని మిగతా ఇద్దరూ పెటీ వైపే ఉండిపోయారు. ఆగస్టులో పెళ్లి చేసుకున్నాడు, భార్య మరియా ఎలీనా గర్భవతి, న్యూయార్క్‌లో కాపురం. చేతిలో డబ్బు ఆడక, కొత్తగా ముగ్గురు వాయిద్యగాళ్లను పోగేసుకుని, ఇష్టం లేకపోయినా ఒప్పుకున్న టూర్ అది.

నాణెం కథలో సగం నిజముంది, మనిషే మారిపోయాడు. విమానం మాట్లాడిందే హాలీ, ఆయన నాణెం ఎగరేయాల్సిన పనేముంది? మిగతా సీట్లు ఆయన వెంట వచ్చిన గిటారిస్టు టామీ ఆల్సప్‌కీ, బాస్ వాయించే వేలన్ జెన్నింగ్స్‌కీ. బిగ్ బాపర్‌కి ఫ్లూ. ఆ జ్వరంతో బస్సులో కూర్చోలేనంటే జెన్నింగ్స్ తన సీటు ఇచ్చేశాడు. మీ బస్సు మళ్లీ గడ్డకట్టుకుపోవాలని హాలీ ఆటపట్టిస్తే, మీ విమానం కూలిపోవాలని జెన్నింగ్స్ నవ్వుతూనే బదులిచ్చాడట. ఆ ఒక్క మాట ఏళ్ల తరబడి వెంటాడిందని ఆయనే చెప్పుకున్నాడు. నాణెం ఎగిరింది ఆల్సప్‌కీ వాలెన్స్‌కీ మధ్య, వాలెన్స్ గెలిచాడు. తనకు రావాల్సిన ఉత్తరం తీసుకోమని, గుర్తింపు కోసం ఆల్సప్ తన పర్సు హాలీకి ఇచ్చి పంపాడు. శిథిలాల్లో ఆ పర్సు దొరకడంతో మొదట ఆయన కూడా పోయాడనే అనుకున్నారు. తర్వాతెప్పుడో టెక్సస్‌లో ఒక బార్ పెట్టి, దానికి నాణెం బొమ్మ పడ్డ వైపు గుర్తొచ్చేలా 'హెడ్స్ అప్' అని పేరు పెట్టుకున్నాడు.

ఇక తుపాకీ. ఈ పుకారుకి ఒక ఆధారమైతే ఉంది. మంచు కరిగాక ఆ చేలో హాలీ పిస్టల్ దొరికింది. బిగ్ బాపర్ శవం శిథిలాలకు దూరంగా, తీగ కంచెకు అవతల పడి ఉంది. ఈ రెండూ కలిపి, లోపల కాల్పులు జరిగాయని, బాపర్ బతికి బయటపడి సాయం కోసం నడిచాడని కథలు అల్లారు. 2007లో బాపర్ కొడుకు తండ్రి శవాన్ని బయటికి తీయించాడు. ఎముకల నిపుణుడు బిల్ బాస్ ఎక్స్‌రేలు తీసి చూశాడు. ఒళ్లంతా ఎముకలు విరిగి ఉన్నాయి, తూటా జాడ ఎక్కడా లేదు. నేలను తాకిన క్షణంలోనే పోయాడని, నడిచే ప్రసక్తే లేదని తేల్చాడు. కన్నకొడుకు సమాధి తవ్వించి మరీ తెలుసుకున్న విషయం అది. అయినా పోస్టులో తుపాకీ ఇంకా పేలుతూనే ఉంది.

మరి ఎందుకు కూలింది? విమానం బయల్దేరినప్పుడు మేసన్ సిటీలో తుఫానేమీ లేదు. కొద్దిపాటి మంచు, ఆరు మైళ్ల దాకా చూపు ఆనేంత తేటగా ఉంది, గట్టి గాలి. ముందున్న దారిలో మాత్రం వాతావరణం చెడుతోంది. దాని మీద రెండు హెచ్చరికలు వచ్చాయి. ఆ రెండూ పైలట్ దాకా చేరలేదు. పీటర్సన్‌కి 711 గంటల అనుభవం ఉంది కానీ, బయట ఏమీ కనిపించనప్పుడు కేవలం మీటర్లు చూసి నడిపే అర్హత లేదు. అంతకు ముందు ఏడాది ఆ పరీక్ష తప్పాడు. ఊరు దాటితే ఆ చలికాలపు రాత్రి పైన చుక్క లేదు, కింద దీపం లేదు. ఆకాశం ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలవుతుందో తెలియని చీకటి.

అలాంటప్పుడు నమ్ముకోవాల్సింది గైరోని. విమానం ముక్కు పైకి లేచిందో కిందికి వంగిందో చూపించే మీటరు అది. ఈ బొనాంజాలో ఉన్నది స్పెర్రీ ఎఫ్3. పీటర్సన్ నేర్చుకున్న మీటర్లకూ దీనికీ చూపించే తీరు తలకిందులు. అందులో పైకి అనిపించేది ఇందులో కిందికి. పైకి ఎక్కుతున్నానని అనుకుంటూనే కిందికి దిగిపోయి ఉండొచ్చని దర్యాప్తు నివేదిక రాసింది. కుడి రెక్క ముందు నేలను తాకింది. అప్పుడు వేగం గంటకు 170 మైళ్లు. ఇంజను లోపం కనిపించలేదు. విమానం యజమాని టవర్ దగ్గర నిలబడి తోక దీపం మెల్లగా కిందికి దిగడం చూశాడు. రేడియోలో ఎంత పిలిచినా జవాబు లేదు. తెల్లారాక ఆయనే ఇంకో విమానంలో వెతుక్కుంటూ వెళ్లి శిథిలాలను కనిపెట్టాడు. మ్యాప్ చూసుకోకుండా వేసిన టూరు, అందని హెచ్చరిక, తిరగేసి చదవాల్సిన మీటరు. వీటికి లైకులు రావు మరి, తుపాకీ అయితే వస్తాయి.

చివరిది, రాక్ అండ్ రోల్ ఆ రోజే చచ్చిపోయిందన్నది. హాలీ చేసిందేమిటో వినకుండా రాసే మాట ఇది. న్యూ మెక్సికోలోని క్లోవిస్ అనే చిన్న ఊళ్లో పెటీ స్టూడియో ఉండేది. గంటల లెక్కన కాకుండా పాటకింత అని తీసుకునేవాడు కాబట్టి కుర్రాళ్లకు గడియారం చూసుకునే టెన్షన్ ఉండేది కాదు. 'పెగ్గీ స్యూ'కి డ్రమ్స్ మోత మరీ ఎక్కువైందని డ్రమ్మర్ జెర్రీ అల్లిసన్‌ని బయటి గదిలో కూర్చోబెట్టారు. 'ఎవ్రీడే'లో డ్రమ్సే లేవు, అల్లిసన్ తన తొడల మీద చేతులతో చరిచిన చప్పుడే తాళం. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, అరచెయ్యి బట్టకు తగిలే శబ్దం తెలుస్తుంది. 'వర్డ్స్ ఆఫ్ లవ్'లో హాలీ తన గొంతుకు తనే రెండో గొంతు కలిపాడు. పాటలు సొంతంగా రాసుకోవడం, రెండు గిటార్లు, బాస్, డ్రమ్స్‌తో బృందం కట్టడం, ఆ అచ్చు చూసి దిద్దుకున్నవాళ్లు లివర్‌పూల్‌లో అప్పటికే తయారవుతున్నారు. తర్వాత బీటిల్స్ అయిన కుర్రాళ్లు 1958లో డబ్బులు పోగేసి మొదటిసారి రికార్డు చేయించుకున్న పాట 'దట్ విల్ బి ద డే'. ప్రమాదానికి మూడు రోజుల ముందు ఇదే టూరులో, డలూత్‌లో హాలీని చూసినవాళ్లలో, తర్వాత పాటల రచయితగా పేరు మోసిన బాబ్ డిలన్ ఒకడు, అప్పుడతనికి 17 ఏళ్లు.

అంతెందుకు, ఫిబ్రవరి 3 రాత్రి మూర్‌హెడ్‌లో షో ఆపలేదు. ఆపకపోవడం న్యాయమా అంటే నేను కాదనే అంటాను, మిగిలినవాళ్లు ఏ మనసుతో వేదికెక్కారో ఊహించలేం. ఖాళీ నింపడానికి స్థానిక కుర్రాళ్లు కావాలని రేడియోలో పిలుపు ఇచ్చారు. పక్కనే ఉన్న ఫార్గో నుంచి 15 ఏళ్ల బాబీ వీ తన స్నేహితులతో వచ్చాడు. హాలీ పాటలన్నీ అతనికి నోటికి వచ్చు. తర్వాత పెద్ద గాయకుడయ్యాడు. వేదిక మీదికి పిలిచేముందు వ్యాఖ్యాత మీ బృందం పేరేంటని అడిగాడు. వాళ్లకు పేరు లేదు. అప్పటికప్పుడు తోచింది చెప్పేశారు, 'షాడోస్' అని.