మనకూ ఒక మంచుకొండ కావాలి

వరంగల్‌కు జరిగిన అన్యాయాల మీద ఎన్నో వినతిపత్రాలు వెళ్లాయి కానీ, అసలుది ఎవరూ రాయలేదు. మనకు మంచుకొండ లేదు.

కాలిఫోర్నియా వాళ్లకు ఉంది. చలికాలంలో పడ్డ మంచు సియెర్రా నెవాడా కొండల మీదే పేరుకుని, ఎండలు ముదిరే వేళకు మెల్లగా కరిగి దిగుతుంది. ఆ రాష్ట్రం నీటి అవసరాల్లో దాదాపు 30 శాతం తీర్చేది అదే. ఆ కొండల్లో చాలాభాగం సర్కారు అడవులు. నీటి ప్రవాహాలను కాపాడటం కూడా అడవి పనేనని 1897లోనే చట్టం రాసుకున్నారు. కట్ట లేదు, తూము లేదు, మోటారు లేదు, అంటే కాంట్రాక్టరూ లేడు. ఇంత వెనకబడిన ఏర్పాటుతో ఎట్లా నెట్టుకొస్తున్నారో పాపం!

మనకూ ఒకటి మంజూరైందనుకుందాం. హన్మకొండ పక్కన, గ్రానైట్ క్వారీ ఇంకా మింగని గుట్ట ఏదైనా మిగిలితే దాని మీద పెడదాం. వెంటనే వచ్చే చిక్కు, మంచుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) ఎక్కడ? జనవరిలో సర్వేకు వెళ్తే గుట్టంతా తెల్లగా ఉంటుంది కాబట్టి ఎవరూ వెళ్లరు. మే నెలలో వెళ్తారు. మంచు పైకి జరిగిపోయి, కింద జాగా తేలి ఉంటుంది. అది తాతల నాటి పట్టా అని కాగితాలూ తేలుతాయి. దసరాకల్లా ‘స్నో వ్యూ ఎన్‌క్లేవ్, ఫేజ్ 2’. (ఫేజ్ 1 ఎక్కడని అడగకండి, అది ఒకప్పటి చెరువు.) డిసెంబరులో మంచు మళ్లీ కురిస్తే, కాలనీని మంచు కబ్జా చేసిందని ధర్నా. మర్నాడు జేసీబీ.

మనకు ప్రాక్టీసు లేదని భయపడొద్దు. మంచు లేని నేల కాబట్టే కాకతీయులు మట్టికట్టలతో ఆ పని చేయించారు. వానాకాలం నీళ్లను యాసంగి దాకా పట్టి ఉంచడం, ఒకటి మత్తడి దూకితే కింది చెరువు నిండటం. అడవిలో ఉన్న పాకాల, లక్నవరం బతికి బట్టకట్టాయి. ఊళ్లో ఉన్న చెరువుల శిఖం భూములకు, అంటే నీళ్లు నిలవాల్సిన జాగాకు, ఇంటి నంబర్లొచ్చాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది. అంత నీళ్లు పోసిన జిల్లాల్లోనే ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెడతాం. ఇక మంచు ఏపాటి!

2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా గవర్నర్ మంచు కొలిచే చోటికి వెళ్తే, చుక్క మంచు లేదు, ఉత్త గడ్డి. అక్కడే నిలబడి పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆదేశమిచ్చాడు. ఆయనకు గడ్డి కనపడ్డది. మనోళ్లకైతే రెండొందల గజాల బిట్లు కనపడేవి, ఈస్ట్ ఫేసింగ్.